పావంగుళం సందు

మా పురపాలక కార్యాలయం లోపల సందులున్నాయన్న సంగతి నేను ఉద్యోగంలో చేరేదాకా ఎవరికీ తెలియదు. అందులో నా గొప్పేమీ లేదు. అంతా తెలుగు భాష గొప్ప.

ఆ ఏడాది మా కమిషనరుగారికి రెండు ఉత్సాహాలు ఒకేసారి పుట్టాయి. మొదటిది నేల. ఆయన తోడల్లుడికి మోకాలి ఆపరేషను జరిగితే చూడ్డానికి ఓ పెద్ద ఆసుపత్రికి వెళ్ళి, తోడల్లుణ్ణి కాసేపూ ఆ ఆసుపత్రి నేలను చాలాసేపూ చూసి వచ్చారు. అవి వినైల్ బిళ్ళలట. కింద గమ్ము పూసి అంటిస్తారట. బిళ్ళకీ బిళ్ళకీ మధ్య ఖాళీ వదిలి అందులో గ్రౌట్ పెడితే అచ్చం రాతినేలలా కనిపిస్తుందట.

“రాయి కాదు, కానీ రాయే అనిపిస్తుంది. పరిపాలన కూడా అలాగే ఉండాలి” అన్నారు మీటింగులో. అందరం రాసుకున్నాం.

రెండో ఉత్సాహం తెలుగు. ఫైళ్ళలో పరభాషా పదం ఒక్కటి కనబడినా ఆ ఫైలు వెనక్కి పంపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. నేను తెలుగు ఎమ్మే. మా ఇంట్లో కాలేజీ మెట్లెక్కిన మొదటివాణ్ణి కూడా నేనే కాబట్టి పెద్దవాళ్ళు చెప్పిన పనికి ఎదురుచెప్పే అలవాటు మాకింకా పట్టుబడలేదు. అందుచేత జూనియర్ అసిస్టెంటు పనితో పాటు ‘పరభాషా పద నిరోధక బాధ్యత’ కూడా నాకే అప్పగించారు.

మొదటి ఫైలు నేలదే వచ్చింది. వినైల్ టైలును ‘కృత్రిమ బిళ్ళ’ అన్నాను. గమ్ముకు జిగురు ఉండనే ఉంది. గ్రౌట్ దగ్గర పెన్ను ఆగింది. నిఘంటువులు తిరగేశాను. ఒకదానిలో ‘సున్నపుముద్ద’ అని ఉంది, కానీ అందులో సున్నం ఉండదు. చివరికి పని ఒప్పుకున్న కాసులు మేస్త్రినే అడిగాను. అతను గోదావరి అవతలి నుంచి వచ్చి మా ఊళ్ళో సగం ఇళ్ళకు నేలలు వేసిన మనిషి.

“గ్రౌట్ అంటే ఏంటి మేస్త్రీ?”

“గ్రౌటంటే గ్రౌటేనండి.”

“తెలుగులో?”

“తెలుగులోనే సెప్పేనండి.” అతను కాసేపు బుర్ర గోక్కున్నాడు. “బిళ్ళకీ బిళ్ళకీ మజ్జిన సందు ఉంటాది కదండీ. ఆ సందు పూడ్సేదండి.”

ఎంత చక్కటి మాట. వెంటనే రాశాను: ‘కార్యాలయ ప్రధాన మందిరపు నేలయందు కృత్రిమ బిళ్ళలను జిగురుతో అతికించి, తదుపరి సదరు సందులను పూడ్చుట.’ కమిషనరుగారు మూడుసార్లు చదివారు. గ్రౌట్ అన్న మాట లేకుండా గ్రౌట్ మొత్తం వచ్చేసిందని మెచ్చుకుని సంతకం పెట్టారు. మంచి తెలుగుకు నమూనాగా ఒక ప్రతి జిల్లాకు కూడా పంపించారు.

ఆ సంతకం పడి హాల్లో పని మొదలైన రోజునే వీరవేణి నా బల్ల దగ్గరికి వచ్చింది.

వీరవేణికి బస్టాండు దగ్గర పునుగుల బండి ఉంది. ఇల్లు మూతపడ్డ నూనెమిల్లు పక్క సందులో. ఆ సందంతా బురద. వాన మొదలైతే బండి చక్రాలు ఇరుసుదాకా దిగబడిపోతాయి. కిందటేడు వానల్లో బండి బయటికి రాక, ఆమె చోటులో ఇంకొకడు మొక్కజొన్న పొత్తుల బండి పెట్టేశాడు. వాణ్ణి కదిలించేసరికి ఉగాది వచ్చింది.

“ఈ వానలకి ముందు మా సందులో సిమెంటు ఏయించండి బాబుగారూ. ఈ పాలి బండి రాపోతే ఆ సోటు పోయినట్టే. ఆడు ఇప్పటికే బస్టాండు కాడ నేను కూకునే రాయి మీద కూకుంటన్నాడు.”

నేను ఆమెను టౌన్‌ప్లానింగు త్రిమూర్తులుగారి దగ్గరికి తీసుకెళ్ళాను. త్రిమూర్తులుగారు సర్వీసంతా సందుల్లోనే గడిపిన మనిషి. ఏ సందునైనా చూడగానే వెడల్పు చెప్పేస్తారు. మనిషిని చూసినా ముందు వెడల్పే చూస్తారని మా ఆఫీసులో అంటారు.

“నూనెమిల్లు పక్కనా? అది సందు కాదమ్మా” అన్నారు.

“సందేనండి. మా అత్త కాపరానికొచ్చింది అందులోంచేనండి.”

“వచ్చుండొచ్చు. సందంటే తొమ్మిదడుగుల వెడల్పుండాలి. అది ఆరడుగులు. రికార్డులో ఏమనుందో తెలుసా? ఖాళీ. రెండు గోడలు కడితే మధ్యలో మిగిలిపోయిన ఖాళీ. ఖాళీకి సిమెంటు వెయ్యడానికి రూల్లేదు.”

“మరి మేం రోజూ అందులోంచే నడుత్తున్నాం కదండీ.”

“ఖాళీలో నడుస్తున్నారు. మేమేమన్నా అభ్యంతరం చెప్పామా?”

వీరవేణి నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను. నేల కొత్తగా తయారవుతోంది.

కాసులు మేస్త్రి పాత గచ్చును గీకి, ఎగుడుదిగుడులు సరిచేసి, తుడిచి ఆరబెట్టాడు. పళ్ళున్న తాపీతో గమ్ము పరిచి, వేలికి అంటీ అంటనట్టయ్యేదాకా ఆగి, బిళ్ళలు ఒక్కొక్కటే పెట్టుకుంటూ వచ్చాడు. “ఈటికి సందు అక్కర్లేదండి, ఆనించి ఏసెయ్యొచ్చు” అన్నాడు. కమిషనరుగారు ఒప్పుకోలేదు. సందు ఉంటేనే రాయి, కనబడితేనే సందు అన్నారు. ఆ ప్రకారం పావంగుళం సందు పెట్టారు. అడుగు బిళ్ళలు కాబట్టి అడుగుకొక సందు చొప్పున హాలంతా నిలువూ అడ్డం గళ్ళు పడ్డాయి. పైన బరువు రోలరు దొర్లించాక నేల నిజంగానే రాయిలా ఉంది.

ఇక సందులు పూడ్చాలి. అక్కడ మా తపాలా గుమాస్తా తన పని తాను చేశాడు. మా ఆఫీసులో ఫైలు మీద ‘కాలువ’ అనుంటే ఇంజనీరింగుకు వెళ్తుంది, ‘కుక్క’ అనుంటే శానిటేషనుకు వెళ్తుంది, ‘సందు’ అనుంటే త్రిమూర్తులుగారికి వెళ్తుంది. వెళ్ళింది.

కాసులు బకెట్లో గ్రౌట్ ముద్ద కలుపుతుండగా త్రిమూర్తులుగారు టేపు పట్టుకుని హాల్లోకి వచ్చారు.

“ఆపు. ఏం చేస్తున్నావు?”

“సందులు పూడుత్తన్నానండి.”

“ఒప్పుకున్నాడు, విన్నావా నూకరాజూ” అన్నారు నాతో. “సందు పూడ్చడమంటే ప్రజల దారి మూసెయ్యడం. నోటీసు ఇచ్చారా? అభ్యంతరాలు పిలిచారా?”

“ఇవి ఆ సందులు కావండి. బిళ్ళల మధ్య సందులు.”

“ఏ సందైనా దేనికో దానికి మధ్యనే ఉంటుందయ్యా. ఇళ్ళ మధ్య ఉంటే ఇళ్ళ సందు, బిళ్ళల మధ్య ఉంటే బిళ్ళల సందు. ఫైల్లో సందు అని ఉందా లేదా? కింద కమిషనరుగారి సంతకం ఉందా లేదా?”

రెండూ ఉన్నాయి.

“వెడల్పు పావంగుళమే కదండీ. తొమ్మిదడుగులు లేకపోతే సందు కాదని మొన్న మీరే అన్నారు.”

“అది కొత్తగా గుర్తించాల్సిన వాటికి. ఇది కమిషనరుగారు సంతకంతో గుర్తించేశారు. గుర్తించాక వెడల్పు చూడకూడదు, కాపాడాలి.” ఆయన గొంతుక్కూర్చుని టేపు పెట్టి కొలిచి, పావంగుళమని రాసుకున్నారు.

నేను కమిషనరుగారి దగ్గరికి పరుగెత్తాను. మాట మార్చి ఇంకో ఉత్తర్వు ఇస్తే సరిపోతుందని మనవి చేశాను.

“ఏ మాటగా మారుద్దాం?” అన్నారు.

“గ్రౌట్ అనేద్దామండి.”

ఆయన కుర్చీ వెనక్కి జరిపారు. “పరభాషా పద నిరోధకుడివి, నువ్వేనా ఆ మాటనడం? ఆ ఫైలు నమూనాగా జిల్లా అంతా తిరుగుతోంది. ఇప్పుడు తప్పంటే తెలుగే తప్పంటారు. సంతకం పడ్డాక సందు సందే. త్రిమూర్తులుగారు ఎలా చెబితే అలా కానీయండి.”

త్రిమూర్తులుగారు ముందు రాకపోకల సర్వే చేయించారు. వాడుకలో లేని సందైతే మూసెయ్యడం సులువని మేమంతా ఆశపడ్డాం. కానీ సర్వే జరిగిన మధ్యాహ్నం రెవెన్యూ సెక్షన్లో ఎవరో టీ ఒలకబోశారు. గుమ్మం దగ్గర్నుంచి రెవెన్యూ బల్ల దాకా నాలుగో సందులో చీమలు బారు కట్టాయి. ‘ఉభయ దిశలా విరామం లేని రాకపోకలు గమనించడమైనది. ప్రయాణికులు క్రమశిక్షణతో ఎడమవైపున వెళ్ళుచున్నారు’ అని ఆయన నివేదిక రాశారు. ప్రయాణికులెవరో అందులో లేదు. అబద్ధం మాత్రం ఒక్కటీ లేదు.

దాంతో సందులు వాడుకలో ఉన్నట్టు తేలింది. వాడుకలో ఉన్న సందుకు ఏమేం ఉండాలో అవన్నీ రావడం మొదలైంది.

శానిటరీ ఇన్‌స్పెక్టరు దొరబాబుగారు ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులను టూత్‌బ్రష్షులతో పంపించారు. ఎలక్ట్రీషియను దీపావళికి కొనే సీరియల్ బల్బులు తెచ్చి సందు మొగలో ఒకటి, చివర ఒకటి బిగించాడు. వీధులకు పేర్లు పెట్టే సంఘం కూర్చుని, రిటైరైన ఉద్యోగుల పేర్లు పెట్టాలని నిశ్చయించి, అగ్గిపుల్లలకు కాగితాలు అంటించి బోర్డులు నిలబెట్టింది. తన పేరున్న సందు మరుగుదొడ్ల వైపు పోతోందని ఒక పాత హెడ్‌క్లర్కుగారు వచ్చి కన్నీళ్ళు పెట్టుకుంటే, ఆయన్ను కమిషనరుగారి గది వైపుకు మార్చాం.

ఉద్యోగులం బిళ్ళల మీదే అడుగులు వేసేవాళ్ళం. సందు మీద కుర్చీ కాలు పడితే ఆక్రమణ కిందికి వస్తుందని నోటీసు అంటించారు. రెవెన్యూ సూపరింటెండెంటుగారు కొంచెం భారీ మనిషి. ఆయన కుర్చీకి ఐదు చక్రాలు. ఎలా తిప్పినా రెండు చక్రాలు ఆక్రమణలోనే ఉండేవి. పాపం, నిలబడే పన్నులు వసూలు చేశారు.

ఈ దశలో వీరవేణి మళ్ళీ వచ్చింది. గుమ్మంలోనే ఆగిపోయి చాలాసేపు నేలకేసి చూసింది.

“ఈ లైట్లు ఏటండీ బాబుగారూ?”

“వీధి దీపాలమ్మా.”

“ఎవరికండీ?”

అబద్ధం చెప్పడం నాకు రాదు. “ప్రస్తుతానికి చీమలకు” అన్నాను.

“ఆయ్” అంది. ఆ మాటను అంత నిదానంగా పలకడం నేనెప్పుడూ వినలేదు. “చీమలు అర్జీ ఎట్టుకున్నాయాండీ?”

“లేదు. సర్వేలో తేలింది.”

“అమ్మా, తప్పుకో. సందుకు అడ్డంగా నిలబడ్డావు” అన్నారు త్రిమూర్తులుగారు తన బల్ల దగ్గర్నుంచి.

వీరవేణి కాళ్ళ కిందికి చూసుకుని, చీర కొంచెం పైకి పట్టుకుని, బిళ్ళ మీదికి జరిగింది. “ఇది సందేనాండీ అయితే. మాది ఖాళీ.”

“రికార్డు ప్రకారం అంతే.”

“మబ్బేసిందండి నిన్న. ఆడు బస్టాండు కాడ గొడుగు కూడా పాతేడు. నేనెక్కడికెల్లనండి, ఈ సందులో బండి ఎట్టుకోనా?”

త్రిమూర్తులుగారు ఆ ప్రశ్నను నిజంగానే ఆలోచించారు. బండి వెడల్పు ఎంతని అడిగారు.

అదే వారం రీజనల్ డైరెక్టరుగారు తనిఖీకి వస్తున్నట్టు కబురొచ్చింది. కమిషనరుగారికి నేల మీద ప్రేమ మళ్ళీ పుట్టింది. సందులు పూడకపోతే ఇది రాతినేల అనిపించుకోదు, వచ్చినాయన అగ్గిపుల్లలు తన్నుకుని పడినా పడతారు. మమ్మల్నిద్దర్నీ పిలిచి దారి చూపించమన్నారు.

“మూసెయ్యొచ్చండి” అన్నారు త్రిమూర్తులుగారు. “కాకపోతే వాడుకలో ఉన్న సందును మూస్తే, అదే వార్డులో, అదే వెడల్పున ప్రత్యామ్నాయ సందు చూపించాలి. ఖాళీ జాగా ఎక్కడన్నా ఉండాలి కదండీ.”

నేను ఆ జవాబు కోసం వెతుక్కోలేదు. అది నా నోట్లోనే ఉంది.

“ఖాళీ ఉందండి” అన్నాను. “నూనెమిల్లు పక్కన. రికార్డులో కూడా ఖాళీ అనే ఉంది. ఇదే వార్డు.”

త్రిమూర్తులుగారి ముఖం వెలిగిపోయింది. ఆయన చెడ్డమనిషి కాదు. రూలు దొరికితే ఎవరికన్నా మేలు చెయ్యడానికి ఎప్పుడూ సిద్ధమే. “సందును సిమెంటుతో సహా తరలించాలి. మట్టి సందు ఇస్తే ఉన్నదానికన్నా తక్కువ ఇచ్చినట్టవుతుంది, ప్రయాణికులు కోర్టుకెళ్ళొచ్చు” అని కూడా చెప్పారు. కమిషనరుగారు సంతకం పెట్టేశారు.

కబురు చెప్పడానికి నేనే నూనెమిల్లు దగ్గరికి వెళ్ళాను. వీరవేణి బండి చక్రాలకు నూనె పెడుతోంది. విని, పక్కింటివాళ్ళను పిలిచి, నన్ను మళ్ళీ చెప్పమంది. మళ్ళీ చెప్పాను. వేడి పునుగులు పెట్టింది. ఉద్యోగ ధర్మం ప్రకారం వద్దన్నాను, ఆకలి ప్రకారం తిన్నాను.

మర్నాడు కాసులు మేస్త్రి ఆఫీసులో గ్రౌట్ పెట్టి, స్పాంజితో తుడిచి, నేలను ఆరనిచ్చి, సిమెంటు బస్తాలతో నూనెమిల్లు సందుకు వచ్చాడు. వెనకే టేపుతో త్రిమూర్తులుగారు.

“ఏ సందుకా సందు. ఒక్కోటి పావంగుళం. పొడవు మాత్రం స్థలాన్ని బట్టి ఉండొచ్చు, రూల్లో ఉంది. వెడల్పు వెంట్రుకవాసి కూడా పెరగకూడదు.”

“పావంగుళం సిమెంటు రోడ్డాండీ” అన్నాడు కాసులు.

“నీకిచ్చిన కొలత అదే.”

“ఒకదాని పక్కన ఒకటి ఆనించి ఏసుకోవచ్చాండీ? లేక మజ్జిన సందు వదలాలా?”

త్రిమూర్తులుగారు ఉలిక్కిపడ్డారు. “వదలొద్దు. కొత్త సందులు పుడతాయి.”

అలా హాల్లోని సందులన్నీ ఒకదాని పక్కన ఒకటి వచ్చి చేరాయి. అన్నీ కలిస్తే మూరెడు వెడల్పున సిమెంటు పట్టీ ఒకటి సందు ఈ మొగ నుంచి ఆ మొగ దాకా పడింది. నున్నగా, గట్టిగా, చూడముచ్చటగా ఉంది. అటూ ఇటూ బురద.

జనం గోడల వెంబడి నిలబడి చూశారు. ఎవరో ముసలాయన దాని మీద కాలు పెట్టి, తాడు మీద నడిచేవాడిలా చేతులు చాపాడు. వీరవేణి బండి తెచ్చింది. ఒక చక్రం సిమెంటు మీదికి ఎక్కించి తోసింది. ఆ చక్రం హాయిగా వెళ్ళింది. రెండోది మెత్తటి మట్టిలో దిగి, బండి పక్కకు ఒరిగింది. మూకుడు జారి కింద పడింది.

ఆమె తిడుతుందనుకున్నాను. ఆమె మూకుడు తీసుకుని, తుడుచుకుని, పట్టీనీ బండినీ మార్చి మార్చి చూసింది.

“సగం వొచ్చేసింది కదండీ” అంది.

“ఏంటమ్మా?”

“ఓ సక్రానికి సరిపోయిందండి. రెండో సక్రానికి ఇంకో మూరెడు కావాలి. మీ ఆఫీసులో ఇంకా గదులున్నాయా, ఆ హాలొక్కటేనా?”

ఆ ప్రశ్నతో నేను తిన్నగా ఆఫీసుకు వెళ్ళి నోటు రాశాను. హాలు ఒక్కటే అందంగా ఉండి మిగతా గదులు పాత గచ్చుతో ఉండటం పాలనలో వివక్షకు దారితీయునని, కావున రికార్డు రూముకు, మీటింగు హాలుకు, కమిషనరుగారి గదికి కూడా కృత్రిమ బిళ్ళలు వేసి, సందులు వదిలి, సదరు సందులను నిబంధనల ప్రకారం తరలించి పూడ్చవచ్చునని. మళ్ళీ చదువుకున్నాను. గదులు చిన్నవి. అడుగు బిళ్ళలు వేస్తే సందులు చాలవు. ‘బిళ్ళలు చిన్నవైనచో రాతి సహజత్వము పెరుగును’ అని ఒక వాక్యం చేర్చాను.

కమిషనరుగారు ఆ వాక్యం కింద గీత గీసి, పక్కన ‘ఇంకా చిన్నవి దొరుకునేమో పరిశీలించుడు’ అని రాశారు.

దొరకలేదు. కాసులు కోసి ఇచ్చాడు. రికార్డు రూములో అరచెయ్యంత బిళ్ళలు, మీటింగు హాల్లో బిస్కెట్లంత, కమిషనరుగారి గదిలో క్యారమ్సు కాయలంత. ఆయన గదిలో చివరికి బిళ్ళ ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. అంతా సందే. డైరెక్టరుగారు వచ్చి, బూట్లు విప్పి, ఆ నేల మీద అటూ ఇటూ నడిచి, ఇంత సూక్ష్మదృష్టి ఉన్న పాలన తన సర్వీసులో చూడలేదన్నారు.

అక్కడ నూనెమిల్లు సందులో పట్టీ మూరెడు నుంచి రెండు మూరలై, గోడ నుంచి గోడకు పాకింది. కడపటి పావంగుళం పడి ఆరిన రెండో నాడు వాన మొదలైంది.

నేను గొడుగేసుకుని బస్టాండుకు వెళ్ళాను. మొక్కజొన్న పొత్తుల అతను తన గొడుగు పీక్కుని అవతలి వైపుకు వెళ్ళిపోతున్నాడు. వీరవేణి బండి తన చోట్లో నిలబడి ఉంది. చక్రాలకు బురద లేదు. మూకుడులో నూనె కాగుతోంది.

“ఎలా ఉందమ్మా దారి?”

“నీళ్ళు కూడా నిలవలేదండి.” పొట్లం కట్టి చేతిలో పెట్టింది. ఈసారి ఏ ధర్మం ప్రకారమూ వద్దనలేదు. “మా ఆడబడుచు ఐసు ఫ్యాక్టరీ ఎనకాల ఉంటాదండి. ఆళ్ళదీ ఖాళీయేనంట. మోకాల్లోతు బురద. ఏవన్నా సూడండి బాబుగారూ.”

“ఇంక గదుల్లేవమ్మా. మెట్ల కింద కూడా వేసేశాం. నేలంతా అయిపోయింది.”

వీరవేణి చిల్లుగరిటెతో పునుగులు తిప్పింది.

“గోడలున్నాయి కదండీ” అంది.

ఆ సాయంత్రం కాసులు మేస్త్రిని పిలిపించి, వినైల్ బిళ్ళలు గోడకు నిలుస్తాయా అని అడిగాను.

“గమ్ము మంచిదైతే సీలింగుక్కూడా నిలుత్తాయండి” అన్నాడు.